అశ్వత్థామ కథలో మిగిలిన ఖాళీ: అనుబంధ కథలపై ఒక విచారణ



2024వ సంవత్సరము శ్రావణమాసములో ఒక శుక్రవారము ప్రాతఃకాలార్చన ముగించి, హిందూపురములోని మా దేవాలయములో తీర్థము ఇచ్చుచుండగా, బెంగళూరు నుండి వచ్చిన ఒక గృహస్థు తన కుమారునితో నా ఎదుట నిలిచినాడు. బాలునికి పది సంవత్సరములు ఉండవచ్చును. తీర్థము పుచ్చుకొని, చేతిని తలకు రాచుకొని, సూటిగా అడిగినాడు: "స్వామీ, అశ్వత్థామ ఇంకా బతికే ఉన్నాడా? ఆయన్ని దేవుడు ఎప్పటికైనా క్షమిస్తాడా?"

ఆ సంవత్సరము జూన్ 27వ తేదీన విడుదలైన ‘కల్కి 2898 ఏ.డి.’ చలనచిత్రము చూచి వచ్చిన ప్రశ్న అది. సమాధానము చెప్పబోవుచు తండ్రి ముఖమును చూచి గుర్తుపట్టినాను. ఇరువది సంవత్సరములకు పూర్వము అతడు నా వద్ద వేదాధ్యయనమునకు వచ్చిన విద్యార్థి. ఒకనాడు సంత చెప్పుచుండగా అతని పుస్తకముల నడుమ ‘స్టార్ వార్స్’ అను విదేశీయ అంతరిక్షగాథకు సంబంధించిన బొమ్మల పుస్తకము కనబడినది. బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకముల అంగడిలో కొనుక్కొన్నాడట. అందరి ఎదుట దానిని చించి పారవైచినాను. మరుసటి మాసము ఆ పిల్లవాడు ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. కారణము ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రము తెలియును.

ఈ వ్యాసము ఆ బాలుని ప్రశ్నకు సమాధానము. ఆ తండ్రికి నేను తీర్చవలసిన ఋణములో ఒక భాగము కూడ. చదువకయే చించినవానికి ప్రాయశ్చిత్తము చదువుటయే కదా! కావున ఆనాటి నుండి ఒక సంవత్సరకాలము ఇట్టి కథలను, నా శిష్యుని సహాయముతో, శ్రద్ధగా చదివినాను, చూచినాను. ఆ విచారణ ఫలమును పాఠకమహాశయుల ముందు ఉంచుచున్నాను.

విషయము

ఒక పెద్ద కథ జనాదరణ పొందగానే దాని చుట్టూ నవలలు, బొమ్మల పుస్తకములు, యానిమేషన్ చిత్రములు పుట్టుచున్నవి. నాయకుని బాల్యము, ప్రతినాయకుని పూర్వగాథ, మూలకథలో రెండు క్షణములు కనబడి మరుగైన సేవకుని వృత్తాంతము వీటికి విషయములు. వీటిని ఇక్కడ అనుబంధ కథలు అని పిలుచుకొందము.

ఈ వ్యాపారమునకు ప్రసిద్ధ నిదర్శనము ఆ ‘స్టార్ వార్స్’ యే. మొదటి చిత్రము 1977లో విడుదలైనది. దాని నవల 1976లోనే వెలువడినది. పుస్తకముపై దర్శకుడు జార్జ్ లూకస్ పేరు ఉన్నను వ్రాసినది ఆలన్ డీన్ ఫాస్టర్. 1977లోనే మార్వెల్ సంస్థ బొమ్మల పుస్తకములు ప్రారంభించినది. 1978లో అదే ఫాస్టర్ ఒక స్వతంత్ర అనుబంధ నవల వ్రాసి, అందులో నాయికానాయకుల నడుమ అనురాగచ్ఛాయను చూపినాడు. 1983లో వచ్చిన మూడవ చిత్రము వారిద్దరూ కవలలని స్పష్టపరచినది! మూలకథ ఎక్కడికి పోవునో తెలియక ముందే శాఖ పెరిగినందున కలిగిన అనర్థమిది. పిదప 1991 నుండి తిమోతీ జాన్ మొదలగువారి నవలలతో ఆ శాఖలు వటవృక్షమైనవి. 2014లో ఆ కథాహక్కులు గల సంస్థ ఒక ప్రకటన చేసి, అంతవరకు వచ్చిన నవలలను, బొమ్మల పుస్తకములను దాదాపుగా అన్నిటిని ప్రమాణకోటి నుండి తొలగించి ‘లెజెండ్స్’ అను పేరుతో ప్రక్కన పెట్టినది. మూడు దశాబ్దములకు పైగా వాటిని నమ్మి చదివిన పాఠకులు ఒక్క దినములో అప్రమాణమును చదివినవారైనారు.

పూర్వపక్షము

ఇట్టి కథలపై నావంటివారు చేయు ఆక్షేపములు రెండు. మొదటిది, ఇవి ధనార్జనకై పుట్టిన సరకు, వీటికి విచారణ ఏల అనునది. రెండవది, ఇతిహాసపురాణములను స్పృశించు కథలైనచో పిల్లలు కల్పితమునే పురాణమని భ్రమింతురు అనునది. ఆ పుస్తకమును చించినప్పుడు నా మనస్సులో ఉన్నవి ఈ రెండే.

మొదటి ఆక్షేపము నిలువదు. ధర్మవరములో నేయు పట్టుచీర కూడ విక్రయమునకే నేయబడుచున్నది. అమ్మవారికి కట్టునప్పుడు మనము చూచేది నేత గట్టిదా, జరీ నిజమైనదా అనియే గాని, నేతగాడు కూలి తీసుకొన్నాడా లేదా అని కాదు.

రెండవ ఆక్షేపము బలమైనది. కాని దానిని పూర్తిగా అంగీకరించినచో మన సంప్రదాయములో సగము పోవును. హరివంశము మహాభారతమునకు ఖిలము, అనగా అనుబంధము. భారతముతో దాని సంబంధము దాచబడలేదు, ఖిలమని పేరే చెప్పుచున్నది. అభిమన్యునకు బలరాముని కుమార్తెతో వివాహమను కథ వ్యాసభారతములో లేదు. అయినను శశిరేఖ తెలుగువారి ఇంటి పిల్ల. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చూచి భారతము చెడినదని ఏ పండితుడూ దుఃఖింపలేదు. 

దూరము పోనక్కరలేదు. హిందూపురమునకు సమీపమున ఉన్న లేపాక్షి వీరభద్రాలయమునకు వెళ్ళి తల పైకెత్తి చూడుడు. అచ్యుతదేవరాయల కాలములో విరుపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిన ఆ ఆలయపు పైకప్పుపై కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము, పార్వతీ కల్యాణము పట్టీలు పట్టీలుగా చిత్రింపబడి ఉన్నవి. ఒక పట్టీ నుండి మరొక పట్టీకి కథ నడచును. అక్షరజ్ఞానము లేనివాడు కూడ నడుచుచు చదువగల బొమ్మల పుస్తకమది. దానికి ప్రదక్షిణము చేసి వచ్చి, శిష్యుని చేతిలోని బొమ్మల పుస్తకమును చించినవాడను నేను!

ధర్మవరము సమీపమున నిమ్మలకుంట కలదు. తోలుబొమ్మలకు అది ప్రసిద్ధి. తోలుబొమ్మలాటలో రామాయణము నడచుచుండగా నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి నవ్వింతురు. వాల్మీకికి వీరి పేర్లు తెలియవు. అయినను వారు వచ్చి పోయిన తరువాత సీతారాముల కథ ఒక్క అంగుళము కూడ ప్రక్కకు జరుగదు. ప్రేక్షకుడు నవ్వి, మరల సీతాదేవి కోసము ఏడ్చును. 

కావున కల్పితము చేరుటయే దోషము కాదు. ఏ కల్పితము చేరవచ్చును, ఏది చేరరాదు అను వివేకమే కావలసినది.

సిద్ధాంతము

ఈ వివేకమునకు పూర్వమీమాంస మనకొక సాధనమును ఇచ్చినది. వేదములో విధివాక్యములు కలవు, వాటి ప్రక్కన కథలు, స్తుతులు కలవు. వాయుదేవతకు యాగము చేయుమను విధి ప్రక్కన, వాయువు మిక్కిలి వేగముగల దేవత అను స్తుతి ఉండును. ఆ స్తుతి ఏ కర్మను విధింపదు కదా, మరి దాని ప్రయోజనమేమి అని ప్రశ్న. విధితో కలిసి ఒకే వాక్యమై, విధి చెప్పినదానియందు శ్రద్ధను పుట్టించుటయే దాని ప్రయోజనమని సమాధానము. దీనికే ఏకవాక్యత అని పేరు.

అనుబంధ కథకు కూడ ఇదియే ప్రమాణమని నా అభిప్రాయము. అది మూలములోని ప్రతి వివరముతో సరిపోవుచున్నదా అనునది రెండవ ప్రశ్న. మూలకథ యొక్క తాత్పర్యముతో కలిసి ఒకే వాక్యమగుచున్నదా అనునది మొదటి ప్రశ్న. మూలము మౌనము వహించిన చోట ప్రవేశించి, మూలము అడిగిన ప్రశ్ననే మరింత లోతుగా అడిగినచో అది సదనుబంధము. మూలముతో ఏ విరోధమూ లేకున్నను, మూలపు ప్రశ్నతో సంబంధము లేని చోట ఇల్లు కట్టుకొన్నచో అది విజాతీయము. ఒక సంస్థ ప్రకటనతో ప్రామాణ్యము రాదు, పోదు. వాక్యము కలిసినదా లేదా అని చదువరియే చూచుకొనవలెను.

ఈ కొలతతో రెండు తెలుగు కథల అనుబంధములను పరిశీలింతము.

బాహుబలి నవలలు

‘బాహుబలి’ విజ్ఞానకల్పన కాదు, కల్పిత రాజ్యగాథ. అయినను అనుబంధ సాహిత్యమును విస్తారముగా పుట్టించిన మన చిత్రమది గనుక ముందు దానిని గ్రహించినాను. ఆనంద్ నీలకంఠన్ ఆంగ్లములో వ్రాసిన మూడు నవలలలో మొదటిది ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ 2017లో, తరువాతివి 2020, 2021లలో వెలువడినవి. చిత్రకథకు పూర్వము జరిగిన వృత్తాంతము వీటి విషయము.

మొదటి నవలను హిందూపురము నుండి ధర్మవరము పోవు రైలులో, అమ్మవారి చీర కొరకు వెళ్ళి వచ్చు ప్రయాణములలో, శిష్యుడు చదివి అర్థము చెప్పగా విన్నాను. కుట్రలు మితిమీరినవి. పాత్రల సంఖ్య అధికము. రక్తపాతము వర్ణించుటలో నిగ్రహము తక్కువ. ఒక్కొక్కచోట పుస్తకము మూసివేయుమన్నాను.

అయినను ఒక చోట ఆ నవల నన్ను నిలిపినది. చిత్రములో కట్టప్ప దాస్యము సిద్ధవస్తువు. అతడు సింహాసనమునకు బద్ధుడు, అంతే. ఆ బంధము ధర్మమా అని చిత్రము గట్టిగా అడుగదు. 2015 నుండి 2017 వరకు దేశమంతయు కట్టప్ప ఎందుకు చంపినాడని అడిగినది గాని, చంపుమన్నప్పుడు కాదనుటకు అతనికి అధికారము ఎందుకు లేదని అడుగలేదు. నవల ఆ ఖాళీలో ప్రవేశించినది. కట్టప్పకు శివప్ప అను తమ్ముని కల్పించినది. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు దాసులలో అన్న స్వామిభక్తియే ధర్మమనును, తమ్ముడు స్వాతంత్ర్యమే ధర్మమనును. కౌరవసభలో కూర్చున్న భీష్ముని గూర్చి మనము అడుగు ప్రశ్నయే ఇది. ఇది చదివిన తరువాత చిత్రము మరల చూచినచో కట్టప్ప కత్తి మరింత బరువుగా తోచును. ఇక్కడ ఏకవాక్యత సిద్ధించినది.

ఆ రైలు పెనుకొండ దాటునప్పుడు కొండపై కోటను చూచినాను. 1565లో హంపీ విజయనగరము ధ్వంసమైన తరువాత రాజ్యము ఈ కొండను ఆశ్రయించి బ్రతికినది. పెనుకొండ హంపీ కాదు. కాని హంపీ మోసిన భారమునే మోసినది గనుక అది కూడ రాజధానియే అయినది. అనుబంధమునకు గౌరవము వచ్చు మార్గమిదియే కాబోలు.

కల్కి, దాని అనుబంధము

ఇక బాలుని ప్రశ్నకు మూలమైన కథ. నాగ్ అశ్విన్ దర్శకత్వములో వచ్చిన ఈ చిత్రమే నిజమునకు మహాభారతమునకు అనుబంధ కథ. గంగ ఎండిన కాశి, దానిపై తలక్రిందులైన పిరమిడ్ వలె నిలిచి సంపదనంతయు పీల్చుకొను ‘కాంప్లెక్స్’, అందులో స్త్రీల గర్భముల నుండి సారమును తీయించు సుప్రీం యాస్కిన్, ఒక గర్భిణి, ఆమెను రక్షించు అశ్వత్థామ.

శాస్త్రదృష్టితో దోషములు చెప్పవచ్చును. కలియుగ పరిమాణము 4,32,000 సంవత్సరములు. క్రీస్తుపూర్వము 3102లో కలి ప్రారంభమైనదను గణనచే 2898 నాటికి సుమారు 6,000 సంవత్సరములే గడచును. ఒక పాదము 1,08,000 సంవత్సరములు గనుక, నేడు మేము సంకల్పములో చెప్పు ప్రథమపాదమునే ఆనాటి అర్చకుడు కూడ చెప్పుకొనవలసి యుండును. కల్కి యుగాంతమున అవతరించునని భాగవతము. మరియు సౌప్తికపర్వములో శ్రీకృష్ణుడు ఇచ్చిన శాపము మూడు వేల సంవత్సరములకే. ఆ లెక్కన అశ్వత్థామ శాపము ఏనాడో తీరినది. ప్రాతఃస్మరణలో సప్తచిరంజీవులలో అతనిని లెక్కించు సంప్రదాయమును చిత్రకారులు ఆశ్రయించినారు. పిల్లలకు ఈ భేదమును చెప్పవలసినది పెద్దలు. చెప్పుటకు ఐదు నిమిషములు చాలును. పుస్తకము చించనక్కరలేదు.

ఈ లెక్కల తేడాను మించినది తాత్పర్యము. అశ్వత్థామ చేసిన పాపమేమి? నిద్రించుచున్న ఉపపాండవులను చంపినాడు. అంతటితో ఆగక, ఉత్తర గర్భములోని శిశువుపై బ్రహ్మశిరోస్త్రమును ప్రయోగించినాడు. గర్భముపై అస్త్రమెత్తినవాడు గర్భమునకు కాపలా ఉండుటయే ప్రాయశ్చిత్తమని ఈ చిత్రము చెప్పినది. ఇది చమత్కారము కాదు, ధర్మసూక్ష్మము. పాపము ఏ ద్వారమున ప్రవేశించినదో ప్రాయశ్చిత్తము ఆ ద్వారముననే నిలిచినది.

ఇంకొక విశేషము కలదు. శపింపబడిన ఈ ద్రోణపుత్రుడే రాబోవు సావర్ణి మన్వంతరములో సప్తర్షులలో ఒకడగునని భాగవతము, విష్ణుపురాణము చెప్పుచున్నవి. చీము నెత్తురులతో, దుర్గంధముతో ఒంటరిగా తిరుగుమని శపింపబడినవాడు ఋషిస్థానమునకు చేరుట! ఆ రెండు వాక్యముల నడుమ ఏమి జరిగినదో పురాణము విస్తరించి చెప్పలేదు. ఆ మౌనములో ఈ చిత్రము తన కథను నిలిపినది. తెలిసి నిలిపినారో, తెలియక నిలిపినారో గాని, చోటు సరియైనది. 

అట్లైనచో ఈ చిత్రమునకు ముందు, 2024 మే 31న అమెజాన్ ప్రైమ్ వీడియోలో వచ్చిన ‘బుజ్జి అండ్ భైరవ’ అను యానిమేషన్ పూర్వరంగము ఏమి చేసినది? కాంప్లెక్స్ ప్రవేశమునకై ధనము కూడబెట్టు వేటగాడైన భైరవకు, బుజ్జి అను యంత్రబుద్ధికి మైత్రి ఎట్లు కుదిరినదో చెప్పినది. బొమ్మలు చురుకైనవి, మాటలు నవ్వించును, బాలునికి నచ్చినది. నాకు కూడ రెండు మూడు చోట్ల నవ్వు వచ్చినది. జుట్టుపోలిగాని హాస్యమువంటి హాస్యమే అది.

కాని తేడా ఇది. జుట్టుపోలిగాడు నవ్వించి మనలను రామాయణమునకు అప్పగించి పోవును. ఈ పూర్వరంగము నవ్వించి వాహనమునకు అప్పగించినది. ఎవరూ అడుగని ప్రశ్నకు సమాధానము చెప్పి, చిత్రము అడిగిన ప్రశ్నను తాకలేదు. బుజ్జి విషయములోనైనను లోతునకు పోవు అవకాశము ఉండినది. మాటలాడి, తర్కించి, కోపించు ఒక బుద్ధికి లోహవాహనము దేహమైనది. ఆ బుద్ధికి కర్తృత్వము కలదా? యజమాని అధర్మము చేయుమన్నచో ఆ పాపము ఎవరిది? కట్టప్పను అడిగిన ప్రశ్నయే ఇక్కడ యంత్రమును అడుగవచ్చును. వేదాంతములో దేహబుద్ధుల విచారణ చదివిన ఏ విద్యార్థియైనను అడుగు ప్రశ్న. వారు అడుగలేదు. చిత్రాంతమున భైరవుడు కర్ణునిగా సూచింపబడినాడు గదా, తాను ఎవరో ఎరుగని కర్ణుని వేదనకు పూర్వరంగములో ఒక్క బీజమైనను ప్రస్ఫుటముగా నాటియుండిన, ఆ హాస్యమంతయు సార్థకమయ్యెడిది. మూలముతో విరోధము లేదు, నిజమే. ఏకవాక్యత కూడ లేదు.

ఫలము

ఇట్టి కథలు వ్రాయువారికి, గీయువారికి నా విజ్ఞప్తి ఒక్కటియే. శాపమునకు, సప్తర్షిస్థానమునకు నడుమ ఉన్న ఆ దీర్ఘకాలము ఇంకను ఖాళీగానే ఉన్నది. మొదటి వంద సంవత్సరములలో అతడు ఏడ్చినాడా, కోపించినాడా? ఏ ఊరిలోనైనను ఒక తల్లి అతనికి గంజి పోసినదా? పసిబిడ్డ ఏడుపు వినబడినప్పుడు అతని చేతులు ఏమి చేసినవి? ఇవి చెప్పు బొమ్మల పుస్తకము వచ్చినచో, మా దేవాలయ మండపములో కూర్చుండబెట్టి నేనే పిల్లలకు చదివి వినిపింతును. పుస్తకారంభమున ఇది కల్పితమని ఒక్క వాక్యము వ్రాయుడు, చాలును.

పెద్దలకు కూడ ఒక మాట. పిల్లల చేతిలోని పుస్తకము చూచి మొదట అడుగవలసినది ఆ పుస్తకము ఎవరిదని కాదు, అది నీలో ఏ ప్రశ్న పుట్టించినదని. నా విద్యార్థిని ఆనాడు నేను అట్లు అడిగియుండిన ఏమి చెప్పియుండెడివాడో నాకు ఇక తెలియదు.

ఆ శుక్రవారము బాలునికి సప్తర్షుల సంగతి చెప్పినాను. "క్షమ అనునది ఊరక వచ్చేది కాదు నాయనా, చాలా దూరము నడువవలెను. కాని చివరకు ఋషుల సరసన చోటు ఉన్నది" అన్నాను. బాలుడు తృప్తిపడి ప్రసాదము కొరకు పరుగెత్తినాడు. అప్పుడు తండ్రితో, "నాయనా, ఆనాటి పుస్తకము నేను చించకుండ ఉండవలసినది" అన్నాను. అతడు, "ఎప్పటి మాట స్వామీ, నాకు గుర్తే లేదు" అని తల వంచి పాదములకు నమస్కరించినాడు. లేచునప్పుడు అతని కన్నులు చూచినాను. గుర్తున్నది.

ఇతి శమ్.